రెండో రోజు ట్రయల్

2004లో బిలాస్‌పూర్ దగ్గర సిర్గిట్టిలో, ఒక చిన్న మెషిన్ షాపులో హాజరు, నియామకాలు చూసే గుమాస్తాని నేను. రైల్వే కాలనీ నిండా తెలుగువాళ్లే గానీ నా గది ఫ్యాక్టరీ వెనకే. రోజంతా హిందీ. గదికెళ్లి నాతో నేనే తెలుగులో మాట్లాడుకునేవాణ్ని, చెప్పడానికి సిగ్గెందుకు.

లేత్ పనికి వచ్చినవాళ్లకు ‘ట్రయల్’ పెట్టేవాళ్లం. ఇప్పుడు దాన్నే వర్కింగ్ ఇంటర్వ్యూ అంటున్నారు. తుక్కు ఇనుము ముక్క ఇచ్చి, లేత్ మీద కొలతకు చెక్కించి చూడటం, ఒక్క పూట. ఉద్యోగం ఇస్తేనే మస్టర్ రోల్‌లో, అంటే హాజరు పుస్తకంలో పేరు ఎక్కేది.

అప్పలనాయుడు అలా వచ్చాడు. నలభై దాటినవాడు, రైల్వే కుటుంబం, భార్య పోయాక కాలనీకి దూరంగా మోప్కాలో ఒక్కడే ఉంటున్నాడు. మధ్యాహ్నం నా డబ్బాలోకి తొంగిచూసి, “ఏటి బావూ, ఉత్తి రొట్టెలేనా? కూరేటీ నేదా?” అన్నాడు. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! గంటసేపు మాట్లాడుకున్నాం.

సాయంత్రం యజమాని, “ఆ ఖాళీ మావాడికి ఇచ్చేశాను, ఇతన్ని పంపెయ్” అన్నాడు. నేను బయటికొచ్చి, “రేపు ఇంకో ట్రయల్ ఉంది, రండి” అన్నాను. ఇంకో మధ్యాహ్నం తెలుగు వినాలని, అంతే. బుద్ధి గడ్డి తింది.

మర్నాడు ఫోర్‌మన్ అతనికి తుక్కు ముక్క కాకుండా కస్టమర్ ఆర్డర్‌లోని షాఫ్ట్ ఇచ్చాడు. చూసీ ఊరుకున్నాను. పదకొండింటికి లేత్ అతని కుడిచేతి రెండు వేళ్లు తీసేసింది.

“విజిటర్ అని రాసెయ్. చూడ్డానికొచ్చి చెయ్యి పెట్టాడు, అంతే” అన్నాడు యజమాని. అలా రాస్తే అప్పలనాయుడికి వైద్యమూ లేదు, పరిహారమూ లేదు. నేను రాయలేదు.

విచారణకు వచ్చిన కార్మిక శాఖ అధికారి అడిగాడు: “రెండో రోజు పిలిచిందెవరు?”

“నేనే సార్.”

“చేయించింది పరీక్షా, పనా?”

“పనే. ఆ షాఫ్ట్ కస్టమర్‌కు వెళ్లిపోయింది.”

అతన్ని కార్మికుడిగానే లెక్కించారు. నా ఉద్యోగం పోయింది. ఆసుపత్రికెళ్లి అసలు సంగతి చెప్పి ఏడ్చాను.

“నాకు తెల్దేటి బావూ? ఖాళీ నేదని మీ ఫోర్‌మన్ ముందురోజే చెప్పీసినాడు. ఇంటికాడ నాతో మాటాడీవోలు ఎవులున్నారు? అందుకే ఒచ్చినాను” అన్నాడు.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, పేరు రాయనిదే ఎవర్నీ మెషిన్ ముట్టుకోనివ్వలేదు. ఖాళీ లేకపోతే ఆ పూటే మొహం మీద చెప్పేస్తాను. వచ్చినవాడు తెలుగువాడైతే ఇంకా ముందే చెప్పేస్తాను.