వెచ్చబడని బిళ్ళ

ప్రయోగశాలలో ఆయనను అనుమానాల మాస్టారంటారు. చల్లగా ఉన్నంతసేపూ అయస్కాంతత్వాన్ని పట్టి ఉంచే అరచేతంత అతివాహక బిళ్ళను ద్రవ నైట్రోజన్‌లో ముంచి దాని అయస్కాంత బలం కొలవడం ఆయన పని. కొలత తప్పితే నెలల శ్రమ గంగపాలు. ఆ మధ్యాహ్నం, పాత అయస్కాంతత్వం వదిలేలా బిళ్ళను వెచ్చబడనిచ్చి భోజనానికి వెళ్ళొచ్చేసరికి, మీటరు సున్నా చూపలేదు. ఎవరో అయస్కాంతం దాచారని బల్లల కింద వెతికి, చివరికి సహాయకురాలి వంక అనుమానంగా చూశాడు.

“నా బిళ్ళ జోలికి ఎవరొచ్చారమ్మా?”

“నేనే మాస్టారూ! నైట్రోజన్ ఆవిరైపోతోందని మళ్ళీ నింపాను. తింటున్న మిమ్మల్ని లేపడమెందుకని...”

ఆయన దొంగపని అనుకున్నది కాస్తా దయ అయి కూర్చుంది.

“మరి నువ్వు తిన్నావా?”

“దీన్ని వదిలి ఎలా వెళ్ళను?”

“ఇది వెచ్చబడితేనే మనకు మేలు తల్లీ. నువ్వు తినిరా, కాపలా నేనుంటాను.”