రైలు రాయి

మా నాయిన ఎక్కిన రైళ్ళ కంటే మట్టి పోసిన రైలు కట్టలే ఎక్కువ. పాలమూరు లేబరంటే అంతే మరి. అమ్మా నాయినా పార, గంప పట్టుకుని నోరు తిరగని పేర్ల ఊళ్ళకు పోయి, ఆ ఊళ్ళవాళ్ళ రైళ్ళకు కట్టలు పోసి వచ్చేవాళ్ళు. మా ఊరికి మాత్రం రైలు లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా లైను పడుతుందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. వనపర్తి పేరు పెట్టుకున్న స్టేషనొకటి ఉంది గానీ, అది వనపర్తిలో లేదు. అక్కడ దిగి మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాలి.

ఒకసారి సర్వేవాళ్ళు వచ్చి, తెలకపల్లి దగ్గర మాకున్న ఎకరం చెలక నడుమ ఒక రాయి పాతి పోయారు. దాని మీద ఎర్ర రంగు గీత. ఇక నాయినకు ఆ రాయే దేవుడు. నాగలి తగలనిచ్చేవాడు కాదు, దాని చుట్టూ నేల వదిలేసి దున్నేవాడు. పక్క చెలకవాళ్ళు చూసి నవ్వితే నాకు తల కొట్టేసినట్టుండేది.

అమ్మ జబ్బుపడి పోయేముందు ఒక్కటే అడిగింది.

"నన్ను మన చెలకల్నే పెట్టుండ్రి."

బతుకంతా పరాయి మట్టి మోసిన మనిషి, సొంత మట్టిలో పడుకోవాలనుకుంది. మా చర్చివాళ్ళు కూడా సరేనన్నారు. నాయినే ఒప్పుకోలేదు. ఎక్కడో కట్టకు మట్టి తవ్వుతుంటే ఒకసారి అతని గడ్డపారకు ఎవరివో ఎముకలు తగిలాయట. మేస్త్రి వాటిని కూడా మట్టితో పాటే కట్టలో పోసేయమన్నాడట. ఆ గంప మోసింది అమ్మే.

"లైను పడ్డనాడు మీ అమ్మను గూడ గట్లనే ఎత్తి పోస్తరు," అన్నాడు నాయిన.

రాని రైలు కోసం అమ్మ మాట తీసేస్తావా అని నలుగురిలో అరిచాను. వినలేదు. చెరువు శిఖంలో, ఎండాకాలం నీళ్ళు దిగితే బయటపడే నేలలో, మావాళ్ళ సమాధులుండే చోటే అమ్మను పెట్టాం.

రైలు రాలేదు గానీ నీళ్ళు వచ్చాయి. ఎత్తిపోతల నీళ్ళతో ఎండాకాలంలో కూడా చెరువు నిండుగా ఉండటం మొదలైంది. ఊరంతా సంబరపడింది, పడాల్సిందే. సమాధులు మునిగిపోయాయి. నాయిన రోజూ పొద్దున పోయి చెరువు కట్ట మీద కూర్చునేవాడు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను ఊరుకున్నది జాలితో కాదు, కోపంతో.

మొన్నటి ఎండాకాలం నాయిన నాగర్‌కర్నూల్ దవాఖానలో పడ్డాడు. వనపర్తిలో నేను పనిచేసే కాలేజీకి సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం పొద్దుపోక ఫోన్‌లో రైలు వీడియో పెట్టాను. అతనికి రైళ్ళంటే ప్రాణం కదా. జపాన్‌లో ఎక్కడో కొండల మధ్య లైను, దాని మీద ఒకటే పెట్టె ఉన్న రైలు. కింద రాసింది చదివి చెప్పాను. తాతల కాలంలో బొగ్గు దించడానికి వేశారట. గనులు మూతపడ్డాయి, ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పట్నాలకు పోయారు. ఆఖరి రైలు కదులుతుంటే ముసలివాళ్ళు ప్లాట్‌ఫాం మీద వరసగా నిలబడి దానికి వంగి దండం పెడుతున్నారు. ఆ తర్వాత మిషన్లతో పట్టాలు పీకుతున్నారు.

నాయిన రైలును చూడనే లేదు. కట్ట బాగా పోశారని, ఎంత వాన పడ్డా జారదని మెచ్చుకున్నాడు. కాసేపటికి పట్టాలెందుకు తీస్తున్నారని అడిగాడు. ఎక్కే మనుషులు లేరన్నాను. మనుషులు లేక లైను తీసేసే దేశం కూడా ఉందా అని, మా బస్సుల్లో తలుపు దగ్గర వేలాడే జనాన్ని తలుచుకుని కొంచెం నవ్వాడు. తర్వాత ఎన్నడూ అడగనిది అడిగాడు.

"మనది రాదా ఇగ?"

వస్తుందంటే నా సొమ్మేం పోయేది? ఇన్నేళ్ళ కోపం నాలుక చివరనే ఉంది.

"రాదు నాయినా," అన్నాను.

ఫోను నా చేతిలో పెట్టేశాడు.

"మరి మీ అమ్మనెందుకు ఆడ పెట్టిన?"

ఆ తర్వాత నాలుగు రోజులు బతికాడు గానీ నాతో మాట్లాడలేదు. ఇటువైపు తిరగమంటే తిరిగేవాడు, మందు ఇస్తే మింగేవాడు. ఆ ఒక్క మాటతో నేనే చంపానని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరు కాదన్నా నా మనసు ఒప్పుకోదు.

చెరువు నిండుగా ఉంది. అమ్మ పక్కన పెట్టడానికి జాగా లేదు. చెలకలోనే, రాయి చుట్టూ నాయిన దున్నకుండా వదిలిన నేలలో గొయ్యి తీయించాను. అమ్మ అడిగిన చోటు నాయినకు దక్కింది. తవ్వుతుంటే రాయి అడ్డమొచ్చింది. దాని మీద చెయ్యి వేయడానికి జంకి, తవ్వేవాళ్ళు నా వైపు చూశారు. నాయిన గడ్డపార నేనే తీసుకుని రాయి కింద పెట్టి కదిపాను. రెండోసారికే ఊడి వచ్చింది. జానెడు లోతు కూడా పాతలేదు.