రత్నమ్మ సైకిలు ముందు బ్రేకు

కరోనా లాక్‌డౌన్లన్నీ ముగిసిన మరుసటి సంవత్సరం. పావగడ తాలూకా నాగలమడికలో నా సైకిల్ అంగడి ఇవాళో రేపో మూతపడేలా ఉంది. ముప్పై ఏళ్లు పంక్చర్లు వేసి, వంకరపోయిన చక్రాలు సరిచేసి, పిల్లలకు గంట లెక్కన బాడుగ సైకిళ్లిచ్చి బతికినవాణ్ణి. వల్లూరు వైపు చేలల్లో సోలార్ పలకలు లేచాక ఇంటింటికీ మోటార్‌బైకు వచ్చింది. సైకిలు ఎక్కేవాడు కనబడితే నేనే ఆపి గాలి కొట్టి పంపే పరిస్థితి.

అప్పుడే ప్రవీణ్ అనే బెంగళూరాయన వచ్చి, ఊరికి రెండు మైళ్ల దూరంలోని బండల గుట్ట మీద సైకిలు దారులు వేస్తానన్నాడు. మేకలే జారిపడే చోట సైకిలేంది అని మావాళ్లు పగలబడి నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వి, నెల తిరక్కుండా ఆయన దగ్గరే మెకానిక్‌గా చేరాను.

దాన్ని ట్రెయిల్ సెంటర్ అంటారు. గుట్ట మీద బండలూ తుప్పలూ చూసుకుంటూ తీసిన సన్నటి దారులు, కింద ఒక రేకుల షెడ్డు, అందులో బాడుగకిచ్చే మౌంటెన్ బైకులు. అంతే. బోర్డు కూడా లేదు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు చెప్పుకుని శని, ఆదివారాల్లో నలుగురైదుగురు వచ్చేవాళ్లు. మూడు దారులుండేవి. గ్రీన్ అంటే ఎవరైనా పోగలిగింది. బ్లూ అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని పోవాల్సింది. బ్లాక్ అంటే, నన్నడిగితే, పోకుండా ఉంటేనే మంచిది. దాని నడుమ పెనం బండ అని మేము పేరు పెట్టుకున్న ఏటవాలు బండ ఉంది. ఇంటి కప్పు మీద నుంచి కిందికి దిగినట్టు దిగాలి. దిగగానే ఎడమకు తిరగాలి. తిరగకపోతే ఎదురుగా రాళ్ల వంక, నీళ్లెండిపోయిన లోతైన వాగు.

రత్నమ్మ అక్కడికి వచ్చింది గైడ్ పని కోసం. వల్లూరామె. వాళ్ల శెనక్కాయల చేను సోలార్ పార్కులో కలిసింది. పార్కులోనే పలకలు కడిగే పని చేసేది, పలకల వరసల మధ్య సైకిలు మీద తిరుగుతూ. తర్వాత పలకల మీద తమంతట తామే జరుక్కుంటూ తుడిచే యంత్రాలొచ్చాయి. ఆడవాళ్లను ఇంటికి పంపేశారు. భర్త ఓబులేసు బెంగళూరు పోయి ఎక్కడైనా వాచ్‌మన్‌గా చేరదామంటున్నాడు. కూతురు పావగడలో తొమ్మిదో తరగతి. ఊరు విడిచి పోవడం రత్నమ్మకు ఏమాత్రం ఇష్టం లేదు.

"ఈ పని దొరికితే యాడికీ పోయే పని లేదు చిన్నాయనా" అంది నాతో మొదటిరోజే. వాళ్ల నాయన నాకు స్నేహితుడు. పదేళ్ల పిల్లప్పుడు ఆమె సైకిలు నేర్చుకున్నది నా అంగడి బాడుగ సైకిలు మీదే.

ప్రవీణ్ రెండు నెలలు నేర్పించాడు. మంచివాడే గానీ మాటలో మెత్తదనం తక్కువ. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు. వారంలో ఐదు పొద్దులు ఆమె గుట్టెక్కేది. చీర మీద సోలార్ పార్కు వాళ్లిచ్చిన పాత చొక్కా వేసుకుని పని చేసిన మనిషి, ఇప్పుడు ప్యాంటు, మోకాళ్లకు కవచాలు, హెల్మెట్. ఊళ్లో ఆడవాళ్లు ఏమన్నారో నేను రాయను. ఆమె ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది. నెలన్నరకు బ్లూ దారి దిగింది. చివరి పరీక్ష బ్లాక్. కాలు కింద పెట్టకుండా పైనుంచి కిందిదాకా దిగితే పని ఖాయమన్నాడు ప్రవీణ్.

ఇక్కడ బ్రేకుల సంగతి కాస్త చెప్పాలి. కుడిచేతిది ముందు చక్రం బ్రేకు, ఎడమచేతిది వెనక చక్రానిది. ఆ బైకులకు డిస్క్ బ్రేకులుంటాయి. అంటే చక్రం నడుమ పలచటి ఇనుప బిళ్ల, దాన్ని రెండు పక్కలా ప్యాడ్లు గట్టిగా పట్టుకుంటాయి. ఏటవాలులో ఒంటి బరువంతా ముందుకొస్తుంది కాబట్టి మనిషిని నిలబెట్టేది ముందు బ్రేకే. వెనకది పట్టుకుంటే చక్రం నిలుస్తుంది, సైకిలు మాత్రం జారుతూనే పోతుంది. ఇదంతా నాకు ప్రవీణ్ నేర్పాడు. నేర్చుకున్నానే గాని నమ్మలేదు.

ఎందుకంటే మా తట్టు సైకిల్ అంగళ్లలో ఒక వాడుక ఉంది. బాడుగ సైకిళ్లకు ముందు బ్రేకు వదులుగా పెడతాం. కొత్తగా నేర్చుకునే పిల్లలు భయపడి దాన్ని గట్టిగా పట్టుకుంటే సైకిలు మీద నుంచి ముందుకు పల్టీ కొడతారు, పళ్లు రాలతాయి. అందుకని వైరు కొంచెం జారవిడిచి పెడతాం. పిల్లలకు చెప్పం. వాళ్ల అమ్మానాన్నలకు తెలుసు, సంతోషమే. నా అంగట్లో సైకిలు తీసుకున్న పిల్లల్లో ఒక్కరూ తల పగలగొట్టుకోలేదని ముప్పై ఏళ్లు గొప్పలు చెప్పుకున్నాను. రత్నమ్మ నేర్చుకున్నదీ అలాంటి సైకిలు మీదే.

పరీక్షకు మూడు రోజుల ముందు బ్లూ దారిలో ఒక బండ మీద ఆమె ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కింది. పల్టీ కొట్టి పడింది. పెదవి చీలి నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు కుట్లతోనే వచ్చింది. ఆ వాచిన మొహం చూసి, ఇంకోసారి పడనియ్యకూడదనుకున్నాను.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఆమె సైకిలు నేనే సిద్ధం చేశాను. బ్రేకు పిడి దగ్గర చేత్తో తిప్పే చిన్న మర ఉంటుంది, బ్యారెల్ అడ్జస్టర్ అంటారు. దాన్ని లోపలికి తిప్పితే వైరు వదులవుతుంది. ముందు బ్రేకుది రెండున్నర చుట్లు తిప్పాను. చదునునేల మీద పట్టుకుంటే పట్టినట్టే ఉంటుంది. గట్టిగా నొక్కితే పిడి హ్యాండిల్‌కు తగిలి ఆగిపోతుంది, అంతకుమించి పట్టు రాదు. మళ్లీ పల్టీ కొట్టదులే అనుకున్నాను. ఆమెకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

పొద్దున ఎనిమిది గంటలకు షెడ్డు ముందర సైకిలు ఆమె చేతికిచ్చాను.

"బ్రేకులన్నీ చూసినావా చిన్నాయనా?" అంది.

"చూసినాలే అమ్మణ్ణీ. నువ్వు నిదానంగా దిగు" అన్నాను.

ఆమె రెండు బ్రేకులూ ఒకసారి నొక్కి చూసుకుంది. "ముందుది కొంచెం మెత్తగా ఉన్నట్టుండాదే?"

"కొత్త వైరు, సర్దుకుంటుంది పో."

నవ్వింది. కుట్లు లాగినట్టున్నాయి, వెంటనే పెదవి మీద చెయ్యి పెట్టుకుంది. సైకిలు తోసుకుంటూ గుట్టెక్కింది. ప్రవీణ్ పైన నిలబడ్డాడు. నా చోటు పెనం బండ కింద, సామాన్ల సంచీతో.

బండ పైఅంచు మీద ఆమె కనిపించినప్పుడు సరిగ్గానే ఉంది. నడుము వెనక్కి, చేతులు వంచి, ప్రవీణ్ చెప్పినట్టే. సగం దిగేసరికి వేగం ఎక్కువైంది. ఆమె కుడిచేతి వేళ్లు పిడిని పూర్తిగా మూశాయి. పిడి హ్యాండిల్‌కు ఆనుకుని ఉండటం నా కళ్లతో నేను చూశాను. వెనక చక్రం బిగుసుకుని బండ మీద గీరుకుంటూ వచ్చింది. సైకిలు ఆగలేదు. నా పక్క నుంచే పోయింది. ఎడమకు తిరగలేదు. వంకలోకి పోయింది.

అరుపు లేదు. రాళ్ల మీద ఇనుము పడిన చప్పుడు, అంతే. నేను దిగేసరికి వెల్లకిలా పడి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. "కాళ్ల మీద ఏం పడింది చిన్నాయనా, తియ్యి" అంది. ఆమె కాళ్ల మీద ఏమీ లేదు.

పావగడ నుంచి బెంగళూరు తీసుకుపోయారు. నడుము పూస విరిగింది, లోపలి నరం దెబ్బతింది, ఇక కాళ్లు రావని చెప్పారు.

మర్నాడు ప్రవీణ్ వంకలో నుంచి సైకిలు తెప్పించి నా ముందు పెట్టించాడు. ముందు చక్రం విరిగింది, వైరు ఊడి వేలాడుతోంది. "నారాయణప్పా, బ్రేకు ఎట్ల ఉండె?" అన్నాడు. రాత్రంతా నిద్ర లేదనుకుంటాను, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బాగానే ఉండె సార్. పడినప్పుడు వైరు ఊడింది" అన్నాను.

నా వృత్తిలో నేను చెప్పిన పెద్ద అబద్ధం అదే. ఆయన నమ్మాడు. నా మాట కాక ఇంకెవరి మాట నమ్ముతాడు, అక్కడ మెకానిక్‌ను నేనే. "అట్లయితే భయపడి పట్టుకోలేదు, పాపం" అన్నాడు. ఆ మాట వల్లూరుకు చేరింది. మొదట ఓబులేసు నమ్మాడు, ఆ తర్వాత ఊరు నమ్మింది. ఆడమనిషికి ఇవన్నీ ఎందుకు అన్నవాళ్లకు మంచి సాకు దొరికింది. వానాకాలానికి ట్రెయిల్ సెంటర్ కూడా మూతపడింది. ప్రవీణ్ షెడ్డు పీకించుకుని వెళ్లిపోయాడు. నేను మళ్లీ నా పాత అంగట్లోనే కూర్చున్నాను.

రత్నమ్మ చక్రాల కుర్చీలో ఇంటికొచ్చింది. ప్రతి ఆదివారం పోయి ఆ కుర్చీ నేనే చూసేవాణ్ణి. దాని పెద్ద చక్రాలు సైకిలు చక్రాల్లాంటివే, గాలీ పంక్చరూ అన్నీ ఉంటాయి. నా పాపం అలా కడిగేసుకుంటున్నాననుకున్నానేమో. ఆమె ఎదురుగా కూర్చుని కూడా నిజం మాత్రం చెప్పలేదు. ఆమే మాట్లాడేది, ఎప్పుడూ ఒకటే.

"బండ దిగింది నాకేమీ గ్యాపకం లేదు. సారు చెప్పినట్టే, నా చెయ్యి రాలేదు చిన్నాయనా. అన్ని దినాలు నేర్చుకున్నాను. ఆ టయానికి చెయ్యి రాలేదు. నాకంత భయమున్నట్టు నాకే తెలీదు."

తొమ్మిది నెలలు ఆ మాట విన్నాను. విని, చక్రానికి నూనె వేసి, కాఫీ తాగి, ఇంటికొచ్చేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఒక ఆదివారం కుర్చీ బ్రేకు కట్టలు మార్చాను. కుర్చీ కదలకుండా చక్రాన్ని అదిమిపెట్టే రబ్బరు ముక్కలవి. ఓబులేసు ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. వాళ్లింటి ముందర వాకిలి కొంచెం పల్లంగా ఉంటుంది. ఆమె కుడి చక్రం మీద చెయ్యి పెట్టి, తల తిప్పి నన్ను చూసింది.

"బ్రేకులు చూసినావా చిన్నాయనా?"

ఆమె మామూలుగానే అడిగింది. నాకు మాత్రం ఆ పొద్దున షెడ్డు ముందర అడిగినట్టే వినబడింది. వాకిట్లోనే కూర్చున్నాను. అంతా చెప్పేశాను. రెండున్నర చుట్లు, మెత్తగా ఉందంటే సర్దుకుంటుందని నేనన్న మాట, వైరు ఊడిందని నేనాడిన అబద్ధం.

ఓబులేసు నా మీదికొచ్చాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఉండప్పా. చిన్నాయనా, నేను పట్టినానా?"

"పట్టినావమ్మా."

"సరిగ్గా చెప్పు. ఎంత పట్టినాను?"

"పిడి హ్యాండిల్‌కు తగిలేదాకా పట్టినావు. నా కళ్లారా చూసినాను. అంతకంటే పట్టేదానికి ఎవరివల్లా కాదు."

ఆమె కూతుర్ని లోపల నుంచి పిలిచింది. "ఇంగోతూరి చెప్పు, పాప వినల్ల."

పాప ముందర మళ్లీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది రత్నమ్మ. ఆసుపత్రిలో కూడా ఏడవలేదని ఓబులేసు చెప్పిన మనిషి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ప్రవీణ్‌కు ఫోన్ చేయించింది. ఆయనకూ చెప్పాను. ఆమె ఫోన్ తీసుకుని, "సార్, నేను బ్రేకు పట్టినాను" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

నేను లేచి నిలబడితే నా మొహం చూడకుండా అంది. "కాళ్లు పోయినాయి, అది అట్లుండనీ. తొమ్మిది నెల్లు నన్ను పిరికిదాన్ని చేసి కూర్చోబెట్టినావే, నా ఎదురుగా కాఫీ తాగుకుంటా. ఇంగ నువ్వు ఈడికి రావద్దు."

వెళ్లలేదు.

ముప్పై ఏళ్లు నేను పిల్లల్ని కాపాడాననుకున్నాను. వాళ్లకు తెలియకుండా వాళ్ల చేతిలోని బ్రేకు తీసేసుకుని, దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. బండి తొక్కేవాళ్ల చేతిలో ఏముందో వాళ్లకు తెలిసి తీరాలి. అది గట్టిదో వదులుదో నిర్ణయించే హక్కు నాకు లేదు. ఆ తర్వాత నా అంగట్లో ఏ సైకిలుకూ ముందు బ్రేకు వదులు చేయలేదు.

మొన్న ఓబులేసు లగేజి ఆటోలో ఆ కుర్చీ తెచ్చి నా అంగడి ముందర దింపాడు. దగ్గర్లో ఇంకెవరూ చేసేవాళ్లు దొరకలేదట. ఆ ఒక్క ముక్క తప్ప నాతో మాట కలపలేదు. బ్రేకు కట్టలు అరిగిపోయాయి, ఎడమ చక్రం కొంచెం వంగింది. పని అయ్యాక కుర్చీ ఆటోలో పెట్టబోతే అడ్డం నిలబడ్డాడు.

"ఏమేం చేసినావో కాగితంలో రాసియ్యాలంట. రత్నమ్మ చెప్పింది. రాయకపోతే కుర్చీ వాపసు తేవద్దంది."

నేను రాతపని చేసేవాణ్ణి కాదు. పక్కింటి పిల్లల నోటుబుక్కులో కాగితం ఒకటి చించి రాశాను. రెండు బ్రేకు కట్టలు కొత్తవి. కుడిది గట్టిగా ఉంది. ఎడమది పూర్తిగా పట్టదు, చక్రం వంకర నావల్ల పూర్తిగా పోలేదు, పల్లంలో జాగ్రత్త. కింద సంతకం పెట్టాను. ఓబులేసు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

నేను చేసిన పని గురించి నిజం రాసిన మొదటి కాగితం అది. ఇది రెండోది.