నేను కాల్చిన ఇప్పచెట్టు

మొన్న జనగామలో మా వీధి ఊడ్చేవాళ్లు ఎండుటాకులు కుప్పబోసి వేపచెట్టు మొదట్లోనే నిప్పు పెడితే, మోకాళ్ల నొప్పుల మనిషిని, బిందెడు నీళ్లు పట్టుకుని గేటు దాటి ఉరికాను. మా కోడలు పరేషానై, "మామా, గా నాలుగు ఆకులకు గింత ఆగమైతరా?" అన్నది. బిందె నీళ్లన్నీ ఆ మంట మీద కుమ్మరించాను. ఎందుకో నా ఈడు వాళ్లకైతే చెప్పవచ్చు. తొలి తెలంగాణ ఉద్యమం రోజుల్లో బస్సులు ఆగిపోయి ఎక్కడివాళ్లం అక్కడే ఉండిపోయిన సంగతి మీకూ గుర్తుంటుంది.

ఆ అరవైతొమ్మిదిలోనే నేను దంతాలపల్లి నుంచి భూపాలపల్లి అవతల, అడవి అంచున ఉన్న మా అక్క వాళ్ల ఊరికి వెళ్లాను. చుట్టపుచూపుగా కాదు. నేను ఎందుకూ పనికిరానని తేల్చి మా బాపు అక్కడికి తోలేశాడు, ఆ మాటలో అబద్ధమూ లేదు. ఇరవై దాటినా అక్షరం రాదు, నాగలి పడితే సాలు వంకర, ఏ పనైనా సగంలో విడిచి తిరగడానికి పోయేవాణ్ణి.

మా బావ వాళ్ల నాయనమ్మ ఆ ఇంటికి పెద్ద. అందరం ఆమెను అవ్వ అనేవాళ్లం. ఆ ఊళ్లో ఇప్పచెట్లు తాతల నాటి నుంచి ఇంటికి ఒకటో రెండో పంచుకుని ఉండేవి. కాగితం లేదు, కంచె లేదు, అయినా ఒకరి చెట్టు కింది పువ్వును ఇంకొకరు ముట్టరు. అవ్వకు ఒక్కటే చెట్టు, ఇద్దరు చేతులు చాచినా అందనంత మొదలు, కింద మనిషి తల దూరేంత తొర్ర. దాని పువ్వు అవ్వ వాకిట్లో పోసి ఎండబెట్టి దాచుకుంటే, వానకాలం గింజలు అయిపోయిన రోజుల్లో ఉడకబెట్టుకుని తినేవాళ్లు. ఆ చెట్టు పోతే ఇంకో చెట్టు ఇచ్చేవాళ్లు లేరు.

రాలిన పువ్వు ఎండుటాకుల్లో కనపడదని, పూత రాలక ముందే చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేస్తారు. ఆ పని నాకు అప్పగించారు. అక్కడివాళ్లు ఆకును మొదలుకు దూరంగా ఊడ్చి, పొద్దున్నే మంచు తడి ఆరకముందు, కొంచెం కొంచెంగా కాలుస్తారు. నేను మా మెట్ట చెల్కలో కంది మోళ్లు తగలబెట్టినట్టే, ఊడ్చకుండా, మిట్టమధ్యాహ్నం అగ్గిపుల్ల గీశాను. గాలి తిరిగి మంట తొర్రలో దూరింది. కాసేపటికి పైన కొమ్మలు చీలిన చోటు నుంచి, మానుకోట స్టేషన్‌లో రైలింజన్ పొగలాగా నల్లగా పొగ లేచింది.

ఊరంతా ఉరికొచ్చింది. గాలి అందకపోతే నిప్పు చస్తుందని బావ వాగు నుంచి బురద మోయించి తొర్ర మూయించాడు. అవ్వ నా ముందుకొచ్చి నిలబడి, "కండ్లు పుట్టుకతోనే ఉన్నయా, నడుమల పెట్టిచ్చుకున్నవారా?" అన్నది. నేను బురద తట్ట ఎత్తబోతే ఆపింది. "యాడికి పోకు. సిగురేస్తదో సస్తదో సూసినంకనే పో." నిజం చెబుతున్నాను, బస్సులు నడుస్తూ ఉంటే ఆ రోజే పారిపోయేవాణ్ణి.

రోజూ తెల్లవారగానే చెట్టు దగ్గరికి వెళ్లి, లోపల నిప్పు చచ్చిందో లేదో తెలియడానికి, అవ్వ చెప్పినట్టు బెరడుకు చెంప ఆనించేవాణ్ణి. జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్లులా వెచ్చగా ఉండేది. బురద బీటలు వారితే మళ్లీ మెత్తేవాణ్ణి. నాలుగైదు రోజులకు చల్లబడింది. ఆ తర్వాత ఒకనాటి పొద్దున, కాలని వైపు కొమ్మల నుంచి టప్పుటప్పుమని పువ్వు రాలడం మొదలైంది. తన కడుపులో నిప్పు పెట్టినవాడి నెత్తి మీదే, మెత్తగా, తేనె వాసనతో రాలుతుంటే గంప మరిచి నిలబడ్డాను. "ఏరు బిడ్డా, అది నీ మొఖం సూసి పూసిందనుకున్నవా?" అని అవ్వ కసిరింది. చచ్చే చెట్టు కూడా పూస్తుంది, పువ్వును నమ్మొద్దు, ఆకు రావాలి అని కూడా అన్నది.

చుట్టూ ఉన్న ఇప్పచెట్లన్నీ ఎర్రగా చిగురించాయి. మాది మోడులాగే ఉంది. చూడటం తప్ప నాకు వేరే పని లేదు కనుక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూడటం నేర్చుకున్నాను. చీమలు బెరడు మీద ఏ దారిన ఎక్కుతాయో, ఎలుగుబంటి రాత్రి ఎటు వచ్చి పోయిందో, ఏ పిట్ట ఏ కొమ్మను వదలదో. చివరికి ఒక పొద్దున, సగం చెట్టుకు, రాగి చెంబు తోమినట్టు చిగురు మెరిసింది. నడి ఎండాకాలం, నేలలో చుక్క తడి లేదు. ఆ ఎరుపు ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఇన్నేళ్లయినా నాకు తెలియదు. మొక్కాలన్న సంగతి కూడా తోచక నేల మీద కూలబడ్డాను. అవ్వ చెట్టు చుట్టూ తిరిగి చూసి, "ఇగ పో" అన్నది. బస్సులు మళ్లీ నడిచాక కూడా నేను పోలేదు. మూడేళ్లు ఆమె వెంటే అడవి తిరిగాను.

ముప్పై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దాను. కొమ్మ ఎటు వంగిందో చూడటం వచ్చినవాడికి 'ఖ' ఎటు తిరిగిందో చూడటం పెద్ద కష్టం కాలేదు. తర్వాత స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మొక్కల నర్సరీలో పనికి కుదిరి, ఇప్ప గింజలు పచ్చి ఆరకముందే సంచుల మట్టిలో పెడుతూ ఏళ్లు గడిపాను. సగంలో విడిచి రాని పని నా బతుకులో అదొక్కటే.

రెండేళ్ల కింద ఆ ఊరికి వెళ్లాను. అవ్వ ఎప్పుడో పోయింది, అక్కా బావా లేరు. చెట్టు ఉంది. కింద నేలంతా పువ్వు పరుచుకుని పులిసిపోతున్నది. ఆకలికి ఇప్పపువ్వు ఉడకబెట్టుకునే రోజులు పోయాయి, పోవడం మంచిదే. మేకలు మేపుతున్న ఒక ఆడమనిషిని, ఈ చెట్టు ఎవరిదని అడిగాను. "ఎవ్వలదీ కాదు తాతా, గట్లనే ఉన్నది" అన్నది. వంగలేని నడుముతోనే కండువా నిండా పువ్వు ఏరాను. ఏరి లేచాక, దాన్ని ఎవరి వాకిట్లో పోయాలో తెలియక చాలాసేపు అక్కడే నిలబడ్డాను.