గొంగడి మీద డబ్బా

బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సుల నా చేతుల ఒక ఐస్ డబ్బా ఉండె. పొద్దటి నుంచి ఊరూరు తిరిగి గొర్లకు, మేకలకు తీసిన నెత్తురు శాంపిళ్లు అందులున్నయి. చెరుకు ట్రాక్టర్లు తిరిగి తిరిగి రోడ్డంతా గుంతలే. బాగ కుదిపితే నెత్తురు చెడి పరీక్షకు పనికిరాదు. అందుకే చేతులు గుంజుతున్నా డబ్బాను ఒళ్లో ఆననియ్యకుండ ఎత్తి పట్టుకున్న.

పక్క సీట్ల గొంగడి భుజానేసుకున్న గొర్ల కాపరి తాత చాలాసేపు సూసి, "ఏముంది బిడ్డా దాంట్ల?" అన్నడు.

చెప్పిన.

"గొర్లకు రోగమొచ్చిందా?" అని ఉలిక్కిపడ్డడు.

"లేదు తాతా, అన్నీ మంచిగున్నయే. మందలకు మందలనే సంపే పారుడు రోగం ఎన్నడన్న వచ్చిపోయిందా, టీకా పనిచేసిందా, నెత్తురు సూస్తె తెలుస్తది. ఏ మందకు ముప్పుందో ముందే ఎరుకైతది."

తాత లేచి, గొంగడి నాలుగు మడతలు పెట్టి తన సీట్ల పరిచిండు. నా చేతులకెళ్లి డబ్బా తీసి దాని మీద పెట్టి, కదలకుండ పట్టుకొని నిలబడ్డడు.

కండక్టర్ నవ్విండు. "ఏం తాతా, డబ్బాకు గొంగడి పరిచినవ్? చుట్టమా?"

"మేం గొంగడి పరిచేది దేవునికి, ఇంటికొచ్చిన పెద్దమనిషికి," అన్నడు తాత, బస్సంత ఇనపడేటట్టు. "మంద సచ్చినంక వచ్చినోళ్లను మస్తుమందిని సూసిన. బతికుండంగ వచ్చింది గీ బిడ్డనే."

నిజామాబాద్ దాకా ఆయన కూసోలే. పేరడగాలన్న సోయి నాకు బస్సు దిగినంక వచ్చింది.

ల్యాబుల ఒక్క శాంపిల్ కూడ చెడలేదన్నరు. "కారుల తెచ్చినవా?" అని అడిగిండు సారు.

"లేదు సార్, గొంగడి మీద తెచ్చిన," అన్న.