క్యారియర్ మీద హలీమాబీ

గద్వాలలో సైకిలెక్కినప్పుడు ఉన్న హుషారంతా వనపర్తి దాటేసరికి మోకాళ్లలోంచి కారిపోయింది. అందుకే మర్నాడు పొద్దున్నే సోమశిలలో సైకిలును పడవెక్కించి, అవతలి ఒడ్డు దాకా ఎవరితోనూ మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పడవలో నా పక్కన కూర్చున్న హలీమాబీ ముందు ఆ ఒట్టు ఎంతోసేపు నిలవలేదు.

ఆమెది కొత్తకోట. హైవే పక్కన లారీల టార్పాలిన్లు కుట్టి పిల్లల్ని పెంచింది. ఒడిలో గులాబీల పొట్లం. ఆమె పుట్టిన ఊరు ఈ నీళ్ల కిందే ఉంది. డ్యాం నీళ్లు వచ్చినప్పుడు ఊరితోపాటు, ఇంటి వెనకే ఉన్న వాళ్లమ్మ సమాధీ మునిగిపోయింది. ఏటా అన్న సాబిర్‌తో వచ్చి, సరిగ్గా ఆ చోటనే పూలు వదిలి ఫాతిహా ప్రార్థన చదువుకునేది. సాబిర్ చెయ్యెత్తితే పడవ నడిపే మద్దిలేటి ఇంజను ఆపేవాడు. పోయిన ఎండాకాలం సాబిర్ చనిపోయాడు. ఆ చోటుకు గుర్తేమిటో ఎవరికీ చెప్పలేదు.

పొద్దుటి మంచులో నీళ్లు ఇంకా నిద్ర లేచినట్టు లేవు. హలీమాబీ ఎదురుగా ఉన్న నల్లమల కొండల్నే చూస్తోంది. రెండుసార్లు చెయ్యెత్తబోయి దించేసింది. నీళ్లన్నీ ఒకటేనని, ఎక్కడో ఒకచోట వదిలెయ్యమని మద్దిలేటి మెల్లగా అన్నాడు. పూలు వెనక్కి తీసుకుపోతాను గాని, తెలియని చోట వదలనని అతని వైపు సూటిగా చూసింది. ఆ చూపుకు నేను కూడా సర్దుకుని కూర్చున్నాను.

ఆ చూపే తిరిగి తిరిగి నా సైకిలు క్యారియర్ మీద ఆగింది.

“జర గట్టిగ పట్టుకో బేటా. నేనెక్కుత.”

పడవలో సైకిలెక్కడమేమిటని గొణుక్కుంటూనే హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి క్యారియర్ మీద కూర్చుంది.

“కొల్లాపూర్ సంత నుంచి మా అబ్బా మమ్ముల గిట్లనే తెస్తుండె,” అంది. “అన్న ముంగట కడ్డీ మీద. నేను ఎనక్కి మళ్లి కూసుంటుంటి. ముంగట ఏముంటదో నాకేం తెల్సు?”

ఇప్పుడామె దూరమైపోతున్న ఒడ్డును చూస్తోంది. అక్కడ చిన్న గుట్ట ఒకటి మెల్లగా పెద్ద గుట్ట చాటుకు జరుగుతోంది. నాకైతే పడవ నీళ్ల మీద కాక ఏదో మట్టిబాట మీద పోతున్నట్టే ఉంది. పాదాలు తొక్కుతున్నట్టు వాటంతటవే కదిలాయి.

చిన్న గుట్ట పూర్తిగా దాక్కుంది. ఆమె చెయ్యెత్తింది. మద్దిలేటి ఇంజను ఆపాడు.

ఆమె మాత్రం పొట్లం విప్పలేదు. “బెల్లు కొట్టు,” అంది నాతో. “అబ్బా గీడనే కొడుతుండె. ఇని అమ్మీ తలుపు తీస్తుండె.”

కొట్టాను. ఆ చప్పుడు నీళ్ల మీద చాలా దూరం పోయింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడలేదు.

ఎవరో వచ్చేదాకా ఆగినట్టు ఆమె కాసేపు ఆగింది. తర్వాత క్యారియర్ దిగి, పడవ అంచున కూర్చుని, పూలు ఒక్కొక్కటే వదిలింది.

“అన్న రాలే అమ్మీ,” అంది నీళ్లతో. “నేనొక్కదాన్నే వచ్చిన. తొవ్వ నాకు గూడ తెల్సు.”