అడ్డం పోతే ఔట్

నవ్వకుండ్రి గని, నిన్న మూడో తరగతి పిల్లలు నన్ను ఔట్ చేసిండ్రు! అదీ ఇన్‌స్పెక్టర్ సారు ముంగట! చాయ్ తాగుకుంట వినుండ్రి.

నిజామాబాద్ ట్రైనింగ్‌ల ‘టాక్సీ జామెట్రీ’ అని కొత్త లెక్క నేర్పిండ్రు. మన బోధన్ల టాక్సీ యాడికెళ్లి తేవాలె? ‘ఆటో లెక్క’ అని పేరు మార్చిన. బడి ముంగట సున్నంతోని నాలుగు వరుసలు, వరుసకు నాలుగు గళ్లు గీసిన. గీతలు గల్లీలు, గళ్లు ఇండ్లు. ఒక మూలకు బడి, ఎదురు మూలకు బస్టాండు. పిల్లలే ఆటోలు, ఎనకకు మర్లకుండ బడి నుంచి బస్టాండుకు పోవాలె. గడి పొడుగు నడిస్తే ఒక చింతగింజ తీసుకోవాలె. రూలు ఒక్కటే: ఇండ్ల మీదికెళ్లి అడ్డం పోతే ఔట్!

అబ్బ, ఏం మజా వచ్చిందనుకున్నరు! ఒకడు సీదా పోయి తిరిగిండు, ఒకామె మెట్లు మెట్లుగ పోయింది. అందరి చేతులల్ల ఎనిమిదే గింజలు! కూడికలంటేనే ఏడ్చే మా లావణ్య ఎగిరి దునికింది: “మేడం, ఎట్ల పోయినా ఎనిమిదే!” నాకైతే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

హెడ్మాస్టర్ సారుకు మాత్రం ఈ ఆట గిట్టది. “ఇన్‌స్పెక్టర్ సారు మంచిగుందంటెనే సున్నమిస్త. లేకుంటే బంద్!” అన్నడు.

నిన్న ఇన్‌స్పెక్టర్ సారు రానే వచ్చిండు. నడుమ లావణ్యను పెట్టి, ఆమెకు సరిగ్గ రెండు గింజల దూరంల మిగిలినోళ్లను నిలబెట్టిన. సారు చూసి, “అందరు ఒక్కటే దూరంల ఉంటే గుండ్రం రావాలె కదా?” అన్నడు.

“ఆటో లెక్కల గుండ్రం శంకరపాళి మిఠాయి బిళ్ల తీరుగ నాలుగు మూలలుంటది సార్!” అన్నది లావణ్య. సారు పడీపడీ నవ్విండు. నేనైతే గాల్లె తేలిన!

సారుకు బస్సు టైమైంది. ఆట మంచిగుందో లేదో చెప్పకుండనే లేచిండు. బడికీ బస్టాండుకీ నడుమ ఖాళీ మైదానం, అందరం దాంట్లకెళ్లే అడ్డంగ పోతం. సారు అడుగేసిండో లేదో, లావణ్య రెండు చేతులు చాపింది.

“సార్, అడ్డం పోతే ఔట్!”

పాపం మంచోడు, నవ్వుకుంట పిల్లలెంబడి గల్లీలల్ల పడ్డడు. మూల మూలకు ఆగి లెక్కపెడుతున్నరు! గప్పుడే మైదానం అవుతల ఎర్రబస్సు హారన్ కొట్టింది.

నా పానం పోయినంత పనైంది! బస్సు తప్పితే సారుకు కోపం, నా ఆటకు బంద్. చెప్పులు చేతుల పట్టుకొని మైదానం నడుమకెళ్లి ఉరికిన. “ఆపుండ్రి! ఆపుండ్రి!” డ్రైవర్ ఆపిండు. రొప్పుకుంట తిరిగి చూస్తే గల్లీ చివర్ల సారు, పిల్లలు. అందరిదీ ఒక్కటే కేక: “మేడం ఔట్!”

సారు బస్సెక్కి కిటికీలకెళ్లి అన్నడు: “ఆట మంచిగుంది, నడిపియ్యుండ్రి. పిల్లలు పాస్. మీరు మాత్రం ఔటే మేడం!”

సున్నమైతే దొరికింది. ఇయ్యాల పొద్దుగాల సంబురంగ గళ్లు గీసి, నేను గూడ ఆటల దిగబోయిన. లావణ్య చెయ్యి అడ్డం పెట్టింది.

“మీరు నిన్ననే ఔటైండ్రు కదా మేడం! గీతలు గీయుండ్రి సాలు.”